కార్నియా మార్పిడి తరువాత దృక్ నాడి సమస్యలు

కార్నియా మార్పిడి తరువాత దృక్ నాడి సమస్యలు అనగా, కంటి ముందుభాగంలోని పారదర్శకమైన పొరను మార్చే శస్త్రచికిత్స జరిగిన పిదప, కంటి వెనుక భాగం నుండి మెదడుకు దృశ్య సంకేతాలను మోసుకుపోయే నాడి దెబ్బతినడం వలన కలిగే చూపు లోపాలు. వీటిలో నీటికాసుల వలన కలిగే నాడి క్షీణత తరచుగా కనిపించేది. నాడికి రక్తప్రసరణ ఆగిపోవడం, మత్తు సూది వలన నాడికి గాయం కావడం వంటివి బహు అరుదు. అరుదైనప్పటికీ వీటికి ప్రాముఖ్యత ఉన్నది. చెడిపోయిన కార్నియాను మరొకసారి మార్చవచ్చును గాని, చనిపోయిన దృక్ నాడి తంతువులను తిరిగి మొలిపించే చికిత్స ఇంతవరకు లేదు. అందువలన మార్చిన పొర అద్దంలా నిర్మలంగా ఉండి కూడా రోగికి చూపు లేకపోయే పరిస్థితి ఏర్పడవచ్చును.

నేపథ్యం

కంటి గుడ్డుకు ముందు, నల్లగుడ్డుపై గడియారపు అద్దంలా అమరి ఉండే పారదర్శక పొరను కార్నియా లేదా శుక్లపటలం అంటారు. దీని వ్యాసం సుమారు 11.5 మిల్లీమీటర్లు, మధ్యభాగంలో మందం సుమారు అర మిల్లీమీటరు. దీనిలో రక్తనాళాలు లేవు. లోపలి వైపున ఒకే వరుసలో ఉండే అంతస్తర కణాలు కార్నియాలోని నీటిని ఎప్పటికప్పుడు తోడివేస్తూ దానిని పారదర్శకంగా ఉంచుతాయి. యుక్తవయసులో చదరపు మిల్లీమీటరుకు సుమారు 2,500 నుండి 3,000 వరకు ఉండే ఈ కణాలు మానవులలో తిరిగి విభజన చెందవు. పుండ్లు, గాయాలు, పుట్టుకతో వచ్చే లోపాలు మొదలైన వాటివలన కార్నియా తెల్లబారితే దానిని వాడుకలో "కంటిలో పువ్వు" అంటారు.

నేత్రపటలంలోని నాడీ కణాల నుండి బయలుదేరే తంతువులు ఒకచోట చేరి దృక్ నాడిగా ఏర్పడతాయి. ఒక్కొక్క కంటి నాడిలో సుమారు 10 నుండి 12 లక్షల తంతువులు ఉంటాయి. కంటి నుండి మెదడు అడుగుభాగం వరకు దీని పొడవు సుమారు 5 సెంటీమీటర్లు. ఇది కంటి నుండి బయటకు పోయే చోటును దృక్ బింబం అంటారు. దాని వ్యాసం సుమారు 1.5 మిల్లీమీటర్లు. పాఠ్యపుస్తకాలలో అంధచుక్కగా చెప్పబడేది ఈ ప్రదేశమే. ఇక్కడ తంతువులు జల్లెడ వంటి ఒక పలుచని నిర్మాణం గుండా దూరి వెనుకకు పోతాయి. కంటి లోపలి పీడనం పెరిగినప్పుడు ముందుగా ఒత్తిడికి లోనయ్యేది ఈ జల్లెడ పొరయే.

కార్నియాను ఇంటి కిటికీ అద్దంతో పోల్చితే, దృక్ నాడి ఆ ఇంటికి వచ్చే విద్యుత్ తీగ వంటిది. అద్దం మార్చినంత మాత్రాన తెగిన తీగ అతుక్కోదు. ఈ రెండింటి మధ్య దూరం సుమారు 2.4 సెంటీమీటర్లే అయినా, ముందుభాగంలో చేసే శస్త్రచికిత్స వెనుకభాగంలోని నాడిని ఎలా ప్రభావితం చేస్తుందన్నది ఈ వ్యాసంలోని ముఖ్య విషయం.

చరిత్ర

మానవులలో విజయవంతమైన మొదటి కార్నియా మార్పిడిని ఎడ్వర్డ్ జిర్మ్ అనే వైద్యుడు 1905 డిసెంబరు 7న, నేటి చెక్ గణతంత్రంలోని ఓలొమోట్స్ పట్టణంలో చేశాడు. రోగి సున్నం పడి రెండు కళ్ళ చూపు పోగొట్టుకున్న ఒక కూలీ. గాయం వలన తొలగించవలసి వచ్చిన ఒక బాలుని కంటి నుండి కార్నియాను తీసి వాడారు. రెండు కళ్ళలో ఒక కంటి పొర మాత్రమే నిలిచింది. ఒడెస్సాకు చెందిన వ్లదీమిర్ ఫిలాతోవ్ 1930లలో మరణించిన వారి కార్నియాలను వాడే పద్ధతిని వ్యాప్తిలోకి తెచ్చాడు. 1944లో న్యూయార్క్ నగరంలో మొదటి నేత్రనిధి ఏర్పడింది. భారతదేశంలో మొదటి నేత్రనిధి 1945లో మద్రాసు ఎగ్మూరులోని ప్రభుత్వ కంటి ఆసుపత్రిలో ప్రారంభమైంది.

తొలి దశాబ్దాలలో వైద్యుల దృష్టి అంతా మార్చిన పొర నిలుస్తుందా లేదా అన్నదానిపైనే ఉండేది. సన్నని దారాలు, సూక్ష్మదర్శిని, స్టెరాయిడ్ చుక్కలు అందుబాటులోకి వచ్చి పొరలు నిలవడం మొదలైన తరువాతనే, పొర బాగున్నా చూపు తగ్గుతున్న రోగులు వైద్యుల దృష్టికి వచ్చారు. 1963లో అర్జెంటీనాకు చెందిన అల్బెర్తో ఉరెట్స్-జవాలియా, మార్పిడి తరువాత కంటిపాప విచ్చుకుని అలాగే ఉండిపోవడాన్ని, దానితో పాటు వచ్చే నీటికాసులను వర్ణించాడు. భారతదేశంలో పుట్టి అమెరికాలోని అయోవాలో స్థిరపడిన సోహన్ సింగ్ హేరే, దృక్ బింబానికి రక్తం సరఫరా చేసే చిన్న ధమనుల గురించి దశాబ్దాల పాటు పరిశోధించాడు. ఆ ధమనులలో ప్రసరణ తగ్గడం వలన కలిగే నాడి జబ్బును నేటి వైద్యులు అర్థం చేసుకునే తీరుకు ఆయన కృషి ఆధారం.

శస్త్రచికిత్స రకాలు

ఏ రకమైన మార్పిడి జరిగిందన్న దానిని బట్టి నాడికి కలిగే ప్రమాదం మారుతుంది.

పూర్తి మందం మార్పిడి: కార్నియాను అన్ని పొరలతో సహా గుండ్రంగా కోసి తీసి, దాత కార్నియాను దారాలతో కుడతారు. శస్త్రచికిత్స మధ్యలో కొంతసేపు కన్ను పూర్తిగా తెరిచి ఉంటుంది.

ముందు పొరల మార్పిడి: రోగి సొంత అంతస్తర కణాలను ఉంచి, ముందు పొరలను మాత్రమే మారుస్తారు. గాలి బుడగతో పొరలను విడదీసే పద్ధతి 2002 నుండి ప్రచారంలోకి వచ్చింది.

లోపలి పొరల మార్పిడి: చెడిన లోపలి పొరను తీసి, దాత నుండి తెచ్చిన పలుచని పొరను చిన్న గాటు ద్వారా కంటిలోకి పంపి, గాలి లేదా వాయువు బుడగతో కార్నియాకు అంటుకునేలా చేస్తారు. నెదర్లాండ్స్ వైద్యుడు గెరిట్ మెల్లెస్ 1998లో ఈ విధానానికి పునాది వేశాడు. 2006లో మరింత పలుచని పొరను వాడే డీఎంఈకే పద్ధతిని వర్ణించాడు. దీనిలో కుట్లు దాదాపు ఉండవు, చూపు త్వరగా వస్తుంది. అయితే ఆ గాలి బుడగయే కొన్ని సందర్భాలలో నాడికి ముప్పు తెస్తుంది.

కృత్రిమ కార్నియా: దాత కార్నియా మళ్ళీ మళ్ళీ విఫలమైన వారికి ప్లాస్టిక్‌తో చేసిన కృత్రిమ కార్నియాను అమరుస్తారు. బోస్టన్ కృత్రిమ కార్నియా, మదురై అరవింద్ సంస్థకు చెందిన అరోల్యాబ్ తయారుచేసే ఆరో కృత్రిమ కార్నియా ఈ కోవకు చెందినవి.

నాడి దెబ్బతినే విధానం

కంటి లోపలి పీడనం సాధారణంగా 10 నుండి 21 మిల్లీమీటర్ల పాదరస పీడనం వరకు ఉంటుంది. దృక్ బింబానికి రక్తం చేరాలంటే ధమనులలోని ఒత్తిడి కంటి పీడనం కంటె ఎక్కువగా ఉండాలి. కూర్చుని ఉన్న మనిషిలో దీనిని అంచనా వేసే లెక్క ఇది: సగటు రక్తపోటులో మూడింట రెండు వంతుల నుండి కంటి పీడనాన్ని తీసివేయాలి. మిగిలేదే రక్తాన్ని నెట్టే బలం.

ఉదాహరణకు రక్తపోటు 120/80 ఉన్న వ్యక్తిలో సగటు రక్తపోటు సుమారు 93. దానిలో మూడింట రెండు వంతులు 62. కంటి పీడనం 15 అయితే మిగిలేది 47. అదే వ్యక్తికి శస్త్రచికిత్స తరువాత కంటి పీడనం 50కి పెరిగితే మిగిలేది 12 మాత్రమే. రక్తపోటు 100/60కి దిగినట్లయితే సగటు 73, దానిలో మూడింట రెండు వంతులు 49. అనగా కంటి పీడనం 50 ఉన్నచోట రక్తాన్ని నెట్టే బలం ఏమీ మిగలదు. పడుకున్నప్పుడు ఈ లెక్కలోని అంకెలు కొంత మారినా సూత్రం మారదు. కంటి పీడనం పెరగడం, రక్తపోటు తగ్గడం ఒకేసారి జరిగితే నాడికి రెండువైపులా నష్టమే.

ఈ స్థితిని కన్ను ఎంతసేపు తట్టుకోగలదు అన్నది మరొక ప్రశ్న. హేరే బృందం వయసు మళ్ళిన కోతులపై చేసిన ప్రయోగాలలో, నేత్రపటలానికి రక్తం పూర్తిగా ఆగిపోతే సుమారు 100 నిమిషాల వరకు శాశ్వత నష్టం లేకుండా తట్టుకుంటుందని, 4 గంటలు గడిస్తే నష్టం పూర్తవుతుందని తేలింది. అందుకే పీడనం బాగా పెరిగిన రోగి విషయంలో రోజులు కాక గంటలు లెక్కించవలసి ఉంటుంది.

సమస్యల రకాలు

మార్పిడి అనంతర నీటికాసులు

పూర్తి మందం మార్పిడి తరువాత కంటి పీడనం పెరగడం అరుదు కాదు. వివిధ అధ్యయనాలలో శస్త్రచికిత్స జరిగిన తొలి దశలో 9 నుండి 31 శాతం మందిలో, తరువాతి కాలంలో 18 నుండి 35 శాతం మందిలో ఇది కనిపించింది. కంటిలో మిగిలిపోయిన జిగురు పదార్థం, వాపు, నల్లపొర అంచులు కార్నియాకు అతుక్కుని నేత్రోదకం బయటకు పోయే దారి మూసుకుపోవడం, కుట్ల బిగువు వలన ఆ దారి కుంచించుకుపోవడం దీనికి కారణాలు. అంతకుముందే నీటికాసులు ఉన్నవారికి, శుక్లాల శస్త్రచికిత్స జరిగినవారికి, రెండవసారి మార్పిడి జరిగినవారికి ప్రమాదం ఎక్కువ.

మరొక ముఖ్య కారణం స్టెరాయిడ్ చుక్కలు. మార్చిన పొరను శరీరం తిరస్కరించకుండా ఉండేందుకు వీటిని నెలల తరబడి వాడవలసి ఉంటుంది. 1960లలో జరిగిన పరిశోధనల ప్రకారం జనాభాలో సుమారు మూడవ వంతు మందికి ఈ చుక్కల వలన పీడనం ఓ మోస్తరుగా, 5 నుండి 6 శాతం మందికి ఎక్కువగా పెరుగుతుంది. పెరుగుదల సాధారణంగా కొన్ని వారాల వాడకం తరువాత మొదలవుతుంది. నొప్పి ఉండదు కనుక రోగికి తెలియదు. పొరను కాపాడే మందే నాడికి హాని చేయగలదన్నది ఈ చికిత్సలోని ప్రధాన చిక్కు.

గాలి బుడగ వలన పీడనం

లోపలి పొరల మార్పిడి చివర కంటి ముందు గదిని గాలితో గాని, 20 శాతం సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్ వాయువుతో గాని నింపుతారు. రోగి వెల్లకిలా పడుకుంటే బుడగ పైకి తేలి పొరను కార్నియాకు అదిమి పట్టుకుంటుంది. బుడగ మరీ పెద్దదై కంటిపాపను పూర్తిగా మూసివేసినా, నల్లపొర వెనుకకు జారినా, నేత్రోదకం ముందుకు రాలేక పీడనం కొద్ది గంటలలోనే బాగా పెరుగుతుంది. తీవ్రమైన కంటి నొప్పి, తలనొప్పి, వాంతులు కలుగుతాయి. ఈ స్థితి గంటల తరబడి సాగితే నాడికి శాశ్వత నష్టం కలుగుతుంది. దీనిని నివారించడానికి నల్లపొర క్రింది భాగంలో ముందుగానే చిన్న రంధ్రం చేయడం, రోగిని పంపే ముందు బుడగ పరిమాణాన్ని తగ్గించడం ఆనవాయితీ.

ఉరెట్స్-జవాలియా స్థితి

దీనిలో కంటిపాప విచ్చుకుని, మందులు వేసినా ముడుచుకోదు. మొదట శంఖాకార కార్నియా జబ్బుకు మార్పిడి చేయించుకుని, అట్రోపిన్ చుక్కలు వాడిన రోగులలో దీనిని గుర్తించారు. శస్త్రచికిత్స సమయంలో గాని తరువాత గాని పీడనం పెరిగి నల్లపొరకు రక్తప్రసరణ తగ్గడమే కారణమని ఎక్కువ మంది భావిస్తారు. కంటిపాప స్థితి పైకి కనిపించే గుర్తు. అదే పీడనం వెనుక ఉన్న నాడిని కూడా నొక్కి ఉండవచ్చును కనుక ఇటువంటి రోగులలో నాడిని తప్పక పరీక్షిస్తారు.

దృక్ బింబానికి రక్తప్రసరణ ఆగిపోవడం

కార్నియా మార్పిడి తరువాత ఈ సమస్య ఏర్పడినట్లు వైద్య పత్రికలలో విడివిడి ఉదంతాలుగా మాత్రమే నమోదైంది. శస్త్రచికిత్సతో సంబంధం లేకుండా సాధారణ జనాభాలో కూడా ఈ జబ్బు వస్తుంది. అమెరికాలో 50 ఏళ్ళు దాటినవారిలో ఏటా లక్షకు 2 నుండి 10 మందికి వస్తుందని అంచనా. పుట్టుకతోనే దృక్ బింబం చిన్నదిగా ఉండి, తంతువులు ఇరుకుగా సర్దుకుని ఉన్నవారికి ఇది వచ్చే అవకాశం ఎక్కువ. మధుమేహం, అధిక రక్తపోటు, నిద్రలో శ్వాస ఆగే జబ్బు, రాత్రివేళ రక్తపోటు బాగా పడిపోవడం దీనికి తోడవుతాయి. అటువంటి కంటిలో మార్పిడి తరువాత పీడనం పెరిగితే, అప్పటికే ఇరుకైన చోట వాపు వచ్చి, ఆ వాపు చిన్న ధమనులను మరింత నొక్కుతుంది.

రోగి సాధారణంగా నిద్ర లేచేసరికి చూపులో పై సగమో క్రింది సగమో చీకటిగా ఉన్నట్లు గమనిస్తాడు. నొప్పి ఉండదు. మొదట బింబం వాచి ఉంటుంది, కొన్ని వారాలలో వాపు తగ్గి పాలిపోతుంది. ఒక కంటికి వచ్చినవారిలో సుమారు 15 శాతం మందికి 5 సంవత్సరాలలోపు రెండవ కంటికి కూడా వస్తుందని 1990లలో జరిగిన ఒక పెద్ద అమెరికా అధ్యయనం తెలిపింది.

మత్తు సూది వలన గాయం

చాలా కార్నియా మార్పిడులు కంటి వెనుక మత్తు సూది వేసి చేస్తారు. సూది కొన నాడిని గాని దాని తొడుగును గాని తాకితే నాడికి గాయమవుతుంది. కంటి వెనుక రక్తం చేరితే ఆ ఒత్తిడి వలన రక్తప్రసరణ ఆగిపోవచ్చును. మత్తు మందు నాడి తొడుగులోకి పోతే మెదడు వరకు చేరి శ్వాస మందగించే ప్రమాదం కూడా ఉన్నది. 1936 నుండి వాడుకలో ఉన్న పద్ధతిలో రోగిని పైకి, ముక్కు వైపుకు చూడమనేవారు. ఈ చూపు నాడిని సూది దారిలోకి తెస్తుందని 1981లో సీటీ స్కాన్ ద్వారా తేలింది. అప్పటినుండి నేరుగా ముందుకు చూడమంటున్నారు. సూది పొడవు 38 మిల్లీమీటర్లకు బదులు 31 మిల్లీమీటర్లు మించకుండా ఉండాలని 1989లో సూచించారు. కంటి ప్రక్కగా సూది వేయడం, మొద్దు గొట్టంతో మందు పంపడం వంటి పద్ధతులు ఈ ప్రమాదాన్ని మరింత తగ్గించాయి.

రక్తస్రావం, అల్ప పీడనం

పూర్తి మందం మార్పిడిలో కన్ను తెరిచి ఉన్న కొద్ది నిమిషాలలో పీడనం ఒక్కసారిగా పడిపోయి, రక్తపటలం వెనుక ధమని చిట్లి రక్తం ఎగదన్నడం అత్యంత భయంకరమైన సమస్య. ఇది అరుదు. దీనికి విరుద్ధంగా కుట్ల మధ్య నుండి నేత్రోదకం కారిపోయి పీడనం మరీ తగ్గినా దృక్ బింబం వాచవచ్చును. గాటును సరిచేసి పీడనాన్ని మామూలు స్థితికి తెస్తే ఈ వాపు సాధారణంగా తగ్గిపోతుంది.

క్షార గాయాలు, కృత్రిమ కార్నియా

సున్నం వంటి క్షారాల వలన కార్నియా కాలినవారిలో నాడి క్షీణత ఎందుకు ఎక్కువ అన్నది చాలాకాలం ప్రశ్నగా ఉండినది. పీడనం పెరగకపోయినా, కాలిన కార్నియా నుండి వెలువడే టీఎన్ఎఫ్-ఆల్ఫా అనే వాపు కారక ప్రోటీన్ వలన నేత్రపటలంలోని నాడీ కణాలు 24 గంటలలోనే చనిపోవడం మొదలవుతుందని బోస్టన్ పరిశోధకులు ఎలుకలలో చూపారు. కృత్రిమ కార్నియా అమర్చిన కళ్ళలో నీటికాసులు చూపును హరించే ముఖ్య కారణం. పైగా ఆ ప్లాస్టిక్‌పై పీడనాన్ని యంత్రంతో కొలవడం కుదరదు. వైద్యుడు వేలితో కంటిని తాకి అంచనా వేయవలసి ఉంటుంది.

శస్త్రచికిత్సకు ముందే నాడి చెడిపోయి ఉండడం

మార్పిడి తరువాత చూపు రాకపోవడానికి శస్త్రచికిత్సే కారణమని అనుకోవడం పొరపాటు కావచ్చును. కార్నియా తెల్లగా ఉన్నప్పుడు వైద్యునికి లోపలి నాడి కనిపించదు. ఏళ్ళ తరబడి పువ్వు ఉన్న కంటిలో నీటికాసులు నిశ్శబ్దంగా నాడిని తినివేసి ఉండవచ్చును. క్షయకు వాడే ఇథాంబ్యుటాల్ వంటి మందులు, తలకు దెబ్బ, పోషకాహార లోపం కూడా నాడిని దెబ్బతీయగలవు. అందుచేత శస్త్రచికిత్సకు ముందు ఈ క్రింది పరీక్షలు చేస్తారు.

వెలుగు దిశ పరీక్ష: చీకటి గదిలో నాలుగు వైపుల నుండి టార్చి వేసి, వెలుగు ఎటునుండి వస్తున్నదో రోగిని చెప్పమంటారు. ఏదో ఒక వైపు చెప్పలేకపోతే నాడిని లేక నేత్రపటలాన్ని అనుమానించాలి.

కంటిపాప పరీక్ష: పువ్వు ఉన్న కంటిలో కంటిపాప కనిపించకపోయినా, ఆ కంటిలో వెలుగు వేసినప్పుడు రెండవ కంటిపాప ఎంత ముడుచుకుంటున్నదో చూస్తారు. ఖరీదైన పరికరం ఏదీ అక్కరలేని ఈ పరీక్ష చాలా విలువైనది.

అల్ట్రాసౌండ్ స్కాన్: నేత్రపటలం ఊడిపోయిందా, నాడి తల బాగా గుంట పడిందా అన్నది తెలుస్తుంది.

దృశ్య ప్రేరిత విద్యుత్ పరీక్ష: వెలుగుకు మెదడు స్పందనను విద్యుత్ రూపంలో నమోదు చేస్తారు.

లక్షణాలు

రోగి, ఇంటివారు మూడు స్థితులను వేరుచేసి గుర్తించగలగాలి.

మార్చిన పొరను శరీరం తిరస్కరించడం: కన్ను ఎర్రబడటం, వెలుతురు చూడలేకపోవడం, చూపు మసకబారడం, నొప్పి.

పీడనం ఒక్కసారిగా పెరగడం: తీవ్రమైన కంటి నొప్పి, అదే వైపు తలనొప్పి, వాంతులు, దీపాల చుట్టూ రంగుల వలయాలు. వీటిని పైత్యమనో అజీర్ణమనో భావించి ఇంటిలో మందు వేసుకోవడం వలన విలువైన గంటలు పోతాయి.

నాడికి రక్తం ఆగిపోవడం: నొప్పి, ఎరుపు లేకుండానే చూపులో ఒక భాగం చీకటి కావడం, రంగులు, ముఖ్యంగా ఎరుపు, వెలిసిపోయినట్లు కనిపించడం. కన్ను పైకి చక్కగా ఉంటుంది కనుక దీనినే ఎక్కువగా నిర్లక్ష్యం చేస్తారు.

మూడింటిలో ఏది కనిపించినా అదే రోజు కంటి వైద్యుని చూడాలి.

నిర్ధారణ

మార్చిన పొర మందంగా, ఎగుడుదిగుడుగా ఉండడం వలన సాధారణంగా వాడే గోల్డ్‌మన్ పరికరం పీడనాన్ని తప్పుగా చూపవచ్చును. అటువంటి కళ్ళలో కలం ఆకారపు టోనోపెన్, రీబౌండ్ టోనోమీటరు వంటివి మేలు. ఒకే కంటిని ప్రతిసారీ ఒకే రకం పరికరంతో కొలిస్తే మార్పు స్పష్టంగా తెలుస్తుంది. పొర నిర్మలంగా ఉంటే దృక్ బింబాన్ని నేరుగా చూసి ఫోటో తీస్తారు. చూపు పరిధి పరీక్ష, తంతువుల పొర మందాన్ని కొలిచే ఓసీటీ స్కాన్ ద్వారా నష్టం ఎంత జరిగిందో, పెరుగుతున్నదో లేదో అంచనా వేస్తారు.

చికిత్స

గాలి బుడగ వలన పీడనం పెరిగితే కంటిపాపను విప్పే చుక్కలు వేయడం, కొంత గాలిని సూదితో తీయడం అత్యవసర చికిత్స. పీడనాన్ని త్వరగా తగ్గించడానికి రక్తనాళం ద్వారా మానిటాల్, మాత్రల రూపంలో ఎసిటజోలమైడ్ ఇస్తారు. దీర్ఘకాలిక నీటికాసులకు టిమొలాల్, బ్రిమోనిడిన్ చుక్కలు వాడతారు. డోర్జోలమైడ్ చుక్కలు బలహీనమైన అంతస్తర కణాలకు భారం కావచ్చును, ప్రోస్టాగ్లాండిన్ చుక్కలు హెర్పిస్ పుండు తిరగబెట్టడానికి దోహదం చేయవచ్చును. కనుక వీటిని జాగ్రత్తగా వాడతారు. స్టెరాయిడ్ కారణమైతే దానిని ఒక్కసారిగా మానివేయక, పీడనం తక్కువగా పెంచే రకానికి మారుస్తారు. రోగి తనంతట తాను చుక్కలు మానితే పొర తిరస్కరణకు గురవుతుంది. చుక్కలతో అదుపు కానప్పుడు నీరు బయటకు పోయే దారిని శస్త్రచికిత్సతో ఏర్పరచడం, సన్నని గొట్టం అమర్చడం, లేజర్‌తో నీటి ఉత్పత్తిని తగ్గించడం చేస్తారు.

రక్తప్రసరణ ఆగిపోవడం వలన కలిగిన నాడి జబ్బుకు నిరూపితమైన చికిత్స లేదు. నాడి తొడుగును కోసి ఒత్తిడి తగ్గించే శస్త్రచికిత్స ఉపయోగం లేనిదని, హాని కూడా చేయవచ్చునని 1995లో అమెరికాలో జరిగిన అధ్యయనం తేల్చింది. అదే అధ్యయనంలో శస్త్రచికిత్స చేయని రోగులలో సుమారు 43 శాతం మందికి 6 నెలలలో చూపు దానంతట అదే కొంత మెరుగుపడింది. మధుమేహం, రక్తపోటులను అదుపులో ఉంచి రెండవ కంటిని కాపాడుకోవడమే ముఖ్యం. రక్తపోటు మాత్రలను రాత్రి పూట వేసుకునేవారు ఆ విషయాన్ని వైద్యునికి తెలియజేయడం మంచిది.

తెలుగు రాష్ట్రాలలో

1996-2000 మధ్య జరిగిన ఆంధ్రప్రదేశ్ నేత్రవ్యాధుల అధ్యయనంలో 10,293 మందిని పరీక్షించారు. కనీసం ఒక కంటిలో కార్నియా వలన అంధత్వం ఉన్నవారు 0.66 శాతమని తేలింది. కారణాలలో బాల్యంలో వచ్చిన కార్నియా పుండ్లు 36.7 శాతం, గాయాలు 28.6 శాతం, పెద్దయ్యాక వచ్చిన పుండ్లు 17.7 శాతం. అనగా అత్యధికం నివారించదగినవే.

హైదరాబాదులో గుళ్ళపల్లి నాగేశ్వరరావు స్థాపించిన ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ 1987 నుండి సేవలందిస్తున్నది. సినీ నిర్మాత ఎల్.వి. ప్రసాద్ కుటుంబం ఇచ్చిన విరాళం వలన సంస్థకు ఆ పేరు వచ్చింది. దానికి అనుబంధంగా 1989లో రామాయమ్మ అంతర్జాతీయ నేత్రనిధి ఏర్పడింది. ఈ సంస్థ 2023 నాటికి 50,000కు పైగా కార్నియా మార్పిడులు పూర్తిచేసింది. ఈ సంస్థలోని 1,725 మార్పిడులపై 1997లో ప్రచురితమైన అధ్యయనం ప్రకారం, ఒక సంవత్సరం తరువాత 79.6 శాతం, 5 సంవత్సరాల తరువాత 46.5 శాతం పొరలు నిర్మలంగా నిలిచాయి. శస్త్రచికిత్స చేయడం ఒక ఎత్తయితే, ఏళ్ళ తరబడి రోగిని గమనించడం మరొక ఎత్తని ఈ అంకెలు తెలుపుతాయి. ప్రభుత్వ రంగంలో హైదరాబాదు సరోజినీదేవి కంటి ఆసుపత్రి, విశాఖపట్నం, కర్నూలులలోని ప్రాంతీయ కంటి ఆసుపత్రులు ముఖ్యమైనవి.

పశ్చిమ కర్నూలు ప్రాంతం

ఆదోని, ఎమ్మిగనూరు, దేవనకొండ పరిసరాలు పత్తి, వేరుశనగ పండే మెట్ట ప్రాంతం. పొలం పనిలో పత్తి కట్టె, జొన్న ఆకు, ధూళి కంటికి తగలడం, సున్నం పడడం ఇటువంటి గ్రామీణ ప్రాంతాలన్నిటిలో కార్నియా గాయాలకు సాధారణ కారణాలు. దెబ్బ తగిలిన కంటిలో ఆకు పసరు వంటివి పోయడం వలన చిన్న గీత పెద్ద పుండుగా మారి, చివరకు పువ్వుగా మిగులుతుంది.

ఈ ప్రాంతపు రోగికి మార్పిడి కర్నూలులోనో హైదరాబాదులోనో జరుగుతుంది. ఆదోని రైలు మార్గంపై ఉన్నది గాని ఎమ్మిగనూరు, దేవనకొండలకు రైలు లేదు. కూలి మానుకుని, తోడుగా ఒకరిని వెంటబెట్టుకుని బస్సులో పోవలసిన రోగి, కన్ను బాగానే కనిపిస్తున్నది కదా అని తదుపరి పరీక్షలు మానివేయడం సహజం. కాని నొప్పి లేకుండా పీడనం పెరిగేది సరిగ్గా ఆ కాలంలోనే. ప్రతిసారీ పెద్ద ఆసుపత్రికి పోలేనివారు మధ్యలో దగ్గరి పట్టణంలోని కంటి వైద్యుని వద్ద పీడనం కొలిపించుకుని, ఆ అంకెను చీటీపై వ్రాయించుకుని శస్త్రచికిత్స చేసిన వైద్యునికి తెలియజేయవచ్చును. స్టెరాయిడ్ చుక్కలను పాత చీటీతో మందుల దుకాణంలో కొని, వైద్యుని చూడకుండా నెలల తరబడి వేసుకోవడం ప్రమాదకరం.

నివారణ

శస్త్రచికిత్సకు ముందు నీటికాసులు, మధుమేహం, రక్తపోటు, నిద్రలో గురక వంటి వివరాలను వైద్యునికి దాచకుండా చెప్పాలి. వాడుతున్న మందులన్నిటినీ చూపించాలి. గాలి బుడగ పెట్టిన రోగి చెప్పినంతసేపు వెల్లకిలా పడుకోవాలి, బుడగ కరిగిపోయే వరకు విమాన ప్రయాణం చేయరాదు. మొదటి రాత్రి నొప్పి, వాంతులు వస్తే తెల్లవారే వరకు ఆగకుండా ఆసుపత్రికి తెలియజేయాలి. తరువాతి కాలంలో ఒక్కొక్క కంటిని విడిగా మూసి చూపును సరిపోల్చుకోవడం ఇంటిలో చేసుకోగల సులభమైన పరీక్ష. రెండు కళ్ళతో చూసినప్పుడు ఒక కంటి లోపాన్ని రెండవ కన్ను కప్పివేస్తుంది.

కార్నియాను మరణానంతరం 6 గంటలలోపు సేకరించవలసి ఉంటుంది. ఏటా ఆగస్టు 25 నుండి సెప్టెంబరు 8 వరకు దేశమంతటా నేత్రదాన పక్షోత్సవాలు జరుపుతారు. దాత కుటుంబం దుఃఖ సమయంలో ఇచ్చిన కార్నియా సార్థకం కావాలంటే, దాని వెనుకనున్న నాడి కూడా చూపును మోయగలిగి ఉండాలి.

ఇవి కూడా చూడండి

కన్ను
నీటికాసులు
నేత్రదానం
శుక్లాలు
ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ